డెరీబెగ్ చర్చి ముందు ఒక ఆదివారం

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయామన్నవాళ్ల కోసం మొత్తం రాతలో పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు వదిలేసిన తేదీలూ లెక్కలూ కూడా ఇందులో కలిపాను. చదువుకోండి, మీ రూంలో ఉన్నవాళ్లకి కూడా చదివి వినిపించండి.

పోయిన నెల దమ్మామ్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. నాలుగు నెలలుగా జీతం లేదట. కోపంతో నిద్ర పట్టడం లేదు, ప్రార్థన కూటంలో చెప్పుకుంటే ఓర్చుకో, కోపం పాపం అంటున్నారు, "అన్నా, ఓర్చుకోవడమేనా మన పని?" అని అడిగాడు. నేను పాస్టర్‌ని కాను. ఐటీఐ సివిల్ చదివి, సెంట్రింగ్ పనిలో మొదలై, సూపర్‌వైజర్ దాకా వచ్చినవాణ్ణి. వాక్యం బోధించే అర్హత నాకు లేదు. కానీ నేను ఉంటున్న ఈ డోనెగల్ జిల్లాలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఊళ్లు ఖాళీ అయ్యాయి, ప్రాణాలు పోయాయి. ఆదివారం పూట మందిరానికి వెళ్లే మనుషులే, మనలాగే. ఆ కథ చెప్తాను.

ముందు డెరీవే కొండలు. లెటర్‌కెన్నీ నుంచి కారులో అరగంట దూరం. ఇప్పుడది గ్లెన్‌వే నేషనల్ పార్కు. పొడుగాటి చెరువు, దాని ఒడ్డున రాతి కోట, జింకలు. మన పిల్లలు సెలవుల్లో వెళ్లి ఫోటోలు దిగుతారు. ఆ కోట కట్టించినవాడు జాన్ జార్జ్ అడేర్ అనే భూస్వామి. 1857 తర్వాత రెండు మూడేళ్లలో ఈ కొండలన్నీ కొన్నాడు. అక్కడ తరాల నుంచి చిన్న చిన్న కమతాలు కౌలుకి చేసుకుంటున్న కుటుంబాలున్నాయి. మొదట వేట హక్కుల మీద గొడవ వచ్చింది. తర్వాత అడేర్ స్కాట్లాండ్ నుంచి కాపర్లని తెచ్చి కొండ మీద గొర్రెలు తోలించాడు. గొర్రెలు మాయమవుతున్నాయని మళ్లీ గొడవ. 1860 నవంబర్‌లో అతని మేనేజరు జేమ్స్ మర్రీని ఎవరో కొండ మీద చంపేశారు. ఎవరు చంపారో తేలలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

అడేర్ ఏమన్నాడంటే, హంతకుణ్ణి మీరే దాస్తున్నారు, కాబట్టి అందరూ ఖాళీ చెయ్యండి అన్నాడు. గార్టన్ ప్రొటెస్టెంట్ రెక్టర్ హెన్రీ మాటురిన్, అక్కడి కాథలిక్ ఫాదర్ ఇద్దరూ కలిసి అతన్ని బతిమాలారు. ఆ రోజుల్లో ఐర్లండ్‌లో ఆ రెండు సంఘాల గురువులు ఒక కాగితం మీద సంతకం పెట్టడం అంటే ఎంత పెద్ద విషయమో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుస్తుంది. అడేర్ వినలేదు.

1861 ఏప్రిల్ 8, సోమవారం. సుమారు 200 మంది పోలీసులు వచ్చారు. వాళ్లతో పాటు గునపాలు పట్టుకున్న కూలీల దండు. ఇళ్లు పడగొట్టడమే ఆ దండు పని. మూడు రోజులు పట్టింది. 244 మంది రోడ్డున పడ్డారు. మొదట పడగొట్టిన ఇల్లు పిల్లలున్న ఒక విధవరాలిది. ఎవరూ రాయి విసరలేదు. చాలామంది నడుచుకుంటూ లెటర్‌కెన్నీ వచ్చి వర్క్‌హౌస్‌లో పడ్డారు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేనివాళ్లకి గంజి పోసి పని చేయించుకునే చోటు. లోపలికి వెళ్తే మొగుడూ పెళ్లాలనీ పిల్లలనీ విడదీసి వేరే వేరే వార్డుల్లో పెట్టేవాళ్లు. హై రోడ్‌లో ఇప్పుడు కౌంటీ మ్యూజియం ఉన్న బిల్డింగు ఆ పాత వర్క్‌హౌస్‌లో మిగిలిన ముక్కే. ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఐరిష్ వాళ్లు చందాలు పోగుచేస్తే, వెళ్లగొట్టినవాళ్లలో పడుచువాళ్లు చాలామంది 1862లో ఓడెక్కి సిడ్నీ పోయారు. వాళ్లూ వలస కూలీలే.

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. అడేర్ కూడా తనది న్యాయమైన కోపమే అనుకున్నాడు. అతని మనిషి హత్య అయ్యాడు, అది నిజం. చట్టం అతని చేతిలో ఉంది, కోర్టు కాగితం ఉంది, పోలీసులున్నారు. చంపినవాడు ఒకడో ఇద్దరో, శిక్ష 244 మందికి. కాబట్టి "నాది న్యాయమైన కోపం" అని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను. అది ఎవరి మీద దిగుతోందో చూస్తాను.

ఇక అవతలి వైపు, రాయి విసరని ఆ 244 మంది. వాళ్లది ఓర్పు అని కొందరు రాస్తారు. నాకలా అనిపించదు. చుట్టూ తుపాకులున్నాయి, వెనక ఒక సంఘం లేదు, పైసా లేదు, మాట్లాడేవాడు లేడు. దాన్ని నిగ్రహం అనకూడదు. చెయ్యగలిగి ఉండి ఆపుకుంటేనే నిగ్రహం.

చెయ్యగలిగి ఆపుకున్నవాళ్ల కథ కావాలంటే పందొమ్మిదేళ్లు ముందుకు, డోనెగల్ దాటి మేయో జిల్లాకి పోవాలి.

1879 అక్టోబర్‌లో డబ్లిన్‌లో ల్యాండ్ లీగ్ పెట్టారు. మైకేల్ డేవిట్, పార్నెల్ దాని పెద్దలు. పంటలు పోయిన ఏళ్లవి, శిస్తు కట్టలేనివాళ్లని వెళ్లగొడుతున్నారు. వెళ్లగొట్టిన కమతాన్ని వేరేవాడు వచ్చి తీసుకుంటున్నాడు. 1880 సెప్టెంబర్ 19న ఎన్నిస్ ఊళ్లో పార్నెల్ మీటింగు. అలా వేరేవాడి భూమి తీసుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి అని అడిగితే జనంలోంచి కాల్చెయ్యాలి అని కేకలొచ్చాయి. ఆయన వద్దన్నాడు. వాడితో మాట్లాడకండి, అంగట్లో సరుకు ఇవ్వకండి, రోడ్డు మీద కనపడినా చూడనట్టు పోండి అన్నాడు. అది ఇంకా క్రైస్తవమైన పద్ధతి అని కూడా అన్నాడు. అందులో వ్యంగ్యం ఎంతో, నిజం ఎంతో మీరే అనుకోండి.

కొన్ని రోజులకే అది లఫ్ మాస్క్ దగ్గర మొదలైంది. లార్డ్ ఎర్న్ భూములు చూసే ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. పనివాళ్లు మానేశారు. కమ్మరి గుర్రాలకి లాడాలు కొట్టనన్నాడు. బట్టలు ఉతికే ఆమె రాలేదు. ఉత్తరాలు తెచ్చే కుర్రాడు మానేశాడు. బాలిన్‌రోబ్ షాపుల్లో రొట్టె ముక్క అమ్మలేదు. పొలంలో బంగాళాదుంపలూ టర్నిప్‌లూ కుళ్లిపోతున్నాయి. ఆయన పేపరుకి రాస్తే, నవంబర్‌లో కావన్, మొనాహన్ జిల్లాల నుంచి 50 మంది ఆరెంజ్‌మెన్ పంట తియ్యడానికి వచ్చారు. ఆరెంజ్‌మెన్ అంటే అటువైపు ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లు. వాళ్లకి కాపలాగా సుమారు 1000 మంది సైనికులు. 500 పౌన్ల పంట తియ్యడానికి ప్రభుత్వానికి 10,000 పౌన్లు ఖర్చయిందని అప్పట్లో లెక్కగట్టారు.

ఇప్పుడు అక్కడి ఫాదర్ జాన్ ఓమాలీ గురించి చెప్పాలి. ల్యాండ్ లీగ్ మనిషే ఆయన. ఆరెంజ్‌మెన్ వస్తున్నారంటే జనం ఊరుకోరు. ఒక్క రాయి పడిందంటే చాలు, వెయ్యి తుపాకులున్నాయి. ఆయన ముందే ఊరూరా తిరిగి, ఎవరూ బయటికి రావద్దు, తలుపులేసుకుని ఇంట్లో ఉండండి అని చెప్పాడు. అలాగే ఉన్నారు. సైన్యం ఖాళీ రోడ్ల మీద నడిచి వచ్చింది, రెండు వారాలు వానలో తడిసి, ఖాళీ రోడ్ల మీదే తిరిగి వెళ్లింది. డిసెంబర్ మొదట్లో బాయ్‌కాట్ కుటుంబంతో సహా వెళ్లిపోయాడు. ఈ పద్ధతికి ఏం పేరు పెడదామని అమెరికా జర్నలిస్టు జేమ్స్ రెడ్‌పాత్ అడిగితే, పెద్ద మాటలు మా జనానికి అర్థం కావు, "బాయ్‌కాట్ చెయ్యడం" అందాం అని ఫాదర్ ఓమాలీయే చెప్పాడట. రెడ్‌పాత్ రాసుకున్న కథ ఇది. ఈరోజు మన ఊళ్లలో పరీక్షలు బాయ్‌కాట్, అసెంబ్లీ బాయ్‌కాట్ అంటున్నామే, ఆ మాట అక్కడిది.

కోపం తగ్గిందా ఆ ఊళ్లో? లేదు. ఇంకా పెరిగే ఉంటుంది. కానీ ఆ కోపం ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో సైన్యం రాకముందే కూర్చుని అనుకున్నారు. ఆ క్షణంలో పళ్లు బిగించుకోవడం మీద ఆధారపడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. మాది చీరాల పక్క. మాకు బాయ్‌కాట్ అంటే ముందు గుర్తొచ్చేది ఇది కాదు, వెలి. మన పల్లెల్లో ఈ పని బలహీనుడు బలవంతుడి మీద చెయ్యలేదు. బలవంతుడే చేశాడు. పాలు పొయ్యొద్దు, పనికి పిలవొద్దు, కిరాణా ఇవ్వొద్దు అని దళితవాడల మీద పెట్టిన కట్టుబాట్లు మనందరికీ తెలుసు. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపడానికి ముందు కూడా అలాంటి వెలే నడిచింది. ఆయుధం ఒకటే, పట్టుకున్న చెయ్యి మారితే కథ తిరగబడుతుంది. కాబట్టి చెయ్యి ఎత్తలేదు కదా అని ఏ పనీ పవిత్రమైపోదు.

కారంచేడు చీరాలకి చాలా దగ్గర. 1985 జూలై 17న అక్కడ మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర, గేదె కుడితి నీళ్ల గురించి మొదలైన తగాదా అది. మున్నంగి సువార్త అనే ఆమె తన మీదికి దెబ్బ వస్తుంటే చేతిలో బిందె అడ్డం ఎత్తింది. అదే ఆమె చేసిన నేరం. చనిపోయినవాళ్లలో మోషే, యేవాసు అన్న పేర్లున్నాయి. ఆ పేర్లు ఏ పుస్తకంలోంచి వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. మళ్లీ ఊళ్లోకి రమ్మంటే రామన్నారు. ఆ ఊరికి తిరిగి పోయి వాళ్ల పొలాల్లో కూలి చెయ్యం అన్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 1న చీరాలలో దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి వెనక ఉన్న పేర్లలో కారంచేడు ఒకటి. 1989లోనే నక్సలైట్లు ఆ ఊరి పెద్ద భూస్వామి దగ్గుబాటి చెంచురామయ్యను చంపారు. కోర్టు కేసు మాత్రం దాని దారిలో అది నడిచింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008 డిసెంబర్‌లో. 23 ఏళ్లు. చీరాలలో కాలనీ కట్టుకుని అక్కడే ఉండిపోయినవాళ్లు, ఆ 23 ఏళ్లూ సాక్ష్యం చెప్పడానికి బతికున్నవాళ్లు, వాళ్లని చూసి కోపం లేనివాళ్లు అని ఎవడంటాడు?

సరే, మళ్లీ డోనెగల్. ఈ ఎపిసోడ్ పేరు ఏ ఊరి మీద పెట్టానో ఆ ఊరు.

గ్వీడోర్ అనేది లెటర్‌కెన్నీకి పడమటి వైపు, సముద్రం ఒడ్డు. రాళ్లు, బురద నేల. ఇప్పటికీ ఐరిష్ భాష మాట్లాడే ప్రాంతం. అప్పట్లో ఆ భూమి మీద శిస్తు పంటతో కట్టలేదు ఎవరూ. ఆడామగా స్కాట్లాండ్ పోయి కూలి చేసుకొచ్చి కట్టేవాళ్లు. పిల్లల్ని లగాన్ వైపు, అంటే లెటర్‌కెన్నీకి తూర్పున ఉన్న మంచి భూముల్లో ఆసాముల దగ్గర, ఆరు నెలలకి కుదిర్చేవాళ్లు. బయట దేశంలో సంపాదించి ఇంటి దగ్గర అప్పు కట్టడం అన్నమాట. మనకి కొత్తేం కాదు.

అక్కడి ఫాదర్ జేమ్స్ మెక్‌ఫాడెన్. 1875 నుంచి ఆ పారిష్ ఆయనదే. ఐరిష్‌లో ఆయన్ని పెద్ద ఫాదర్ అని పిలిచేవాళ్లు, ఎత్తుకి కాదు, అధికారానికి. 1886లో ప్లాన్ ఆఫ్ క్యాంపెయిన్ అని ఒక పద్ధతి వచ్చింది. కౌలుదార్లంతా కలిసి ఇంత శిస్తు న్యాయం అని లెక్క కట్టి భూస్వామికి ఇవ్వజూపుతారు. తీసుకుంటే సరే. కాదంటే ఆ డబ్బు ఇంటికి తీసుకుపోరు, నమ్మకమైన మనిషి దగ్గర ఉమ్మడి నిధిలో వేస్తారు. ఎవర్నైనా వెళ్లగొడితే ఆ నిధిలోంచి బతికిస్తారు. మన చిట్టీ పాటలాంటిదే, పాట ఒక్కటే ఉండదు. ఫాదర్ మెక్‌ఫాడెన్ గ్వీడోర్‌లో దీన్ని ముందుండి నడిపించాడు. 1888లో ఆ ప్రసంగాలకి జైలుకి కూడా వెళ్లొచ్చాడు.

ఇదంతా చర్చి పెద్దలు మెచ్చుకున్నారని అనుకోవద్దు. 1888 ఏప్రిల్‌లో రోమ్ నుంచి ఉత్తర్వు వచ్చింది, ఈ ప్లానూ బాయ్‌కాటూ రెండూ తప్పు అని. సరిగ్గా అదే నెలలో ప్యాట్రిక్ ఓడానెల్ చిన్న వయసులోనే ఇక్కడ బిషప్ అయ్యాడు. లెటర్‌కెన్నీ పెద్ద చర్చి ఆవరణలో నిలబడి ఉన్న విగ్రహం ఆయనదే. పైనుంచి పోపు వద్దంటున్నాడు, కింద ఆయన సొంత జనం ఇళ్లు కూలుతున్నాయి. ఆ కుర్చీలో కూర్చున్న యువకుడి తల ఎంత బరువెక్కి ఉంటుందో. ఆయన రైతుల పక్షమే నిలబడ్డాడు.

1889 మొదట్లో ఫాదర్ మీద మళ్లీ వారెంటు వచ్చింది. ఆయన దొరక్కుండా తిరుగుతున్నాడు. ఫిబ్రవరి 3, ఆదివారం. డెరీబెగ్ చర్చిలో మాస్ చెప్పడానికి వచ్చాడు. ఆ చర్చి వాగు మీద, పల్లంలో కట్టింది. తొమ్మిదేళ్ల కింద, 1880 ఆగస్టు 15న, మాస్ జరుగుతుండగా వాగు పొంగి అయిదుగురు లోపలే మునిగి చనిపోయారు. అలాంటి చోటు. జనం గుండెలో ఆ చర్చికి ఉన్న స్థానం వేరు.

మాస్ అయింది. ఫాదర్ చర్చిలోంచి తన ఇంటి వైపు నడుస్తున్నాడు, పూజ బట్టల్లోనే. జనమంతా అక్కడే ఉన్నారు. డిస్ట్రిక్ట్ ఇన్‌స్పెక్టర్ విలియం మార్టిన్ పోలీసులతో వచ్చి ఆయన్ని పట్టుకున్నాడు. మార్టిన్ చేతిలో దూసిన కత్తి ఉంది. వారెంటు అతని దగ్గరుంది, అరెస్టు చెయ్యడం అతని ఉద్యోగం. కానీ వెనక ఉన్నవాళ్లకి వారెంటు కనపడదు కదా. తమ ఫాదర్ మీద కత్తి ఒక్కటే కనపడింది. కంచె కర్రలు పీకారు, రాళ్లు తీశారు. కొన్ని నిమిషాలే. మార్టిన్ చనిపోయాడు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నాకు ఈ కథంతా ఇక్కడే ఉంది. ఆ శనివారం దాకా గ్వీడోర్ విషయం ఏంటి? రాళ్లలో పంట లేని భూమికి ఇంత శిస్తా అన్నది. ఇంగ్లండ్ పార్లమెంటులో కూడా దాని గురించి మాట్లాడేవాళ్లున్నారు. సోమవారానికి విషయం మారిపోయింది. ఇన్‌స్పెక్టర్‌ని ఎవరు చంపారు? శిస్తు గురించి అడిగేవాడు లేడు. పోలీసులు ఇల్లిల్లూ వెతికారు, పదుల మందిని పట్టుకెళ్లారు. విచారణ అక్టోబర్‌లో మేరీబరోలో పెట్టారు. ఇప్పుడు దాన్ని పోర్ట్‌లీష్ అంటారు, గ్వీడోర్ నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. విలియం కోల్ అనే అతనికి నరహత్య కింద పదేళ్ల కఠిన శిక్ష పడింది. ఇంకొందరికి తక్కువ శిక్షలు. ఫాదర్ మెక్‌ఫాడెన్ పోలీసుల పనికి అడ్డు తగిలానని ఒప్పుకుంటే వదిలేశారు.

ఫాదర్ ఇంటికొచ్చాడు, కోల్ జైలుకి పోయాడు. ఫాదర్‌ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఆయన చేతిలో కర్ర లేదు. కానీ ఎప్పుడూ ఇలాగే ఎందుకు తేలుతుందో నాకు ఆశ్చర్యం. నలుగురి కోపాన్ని ఒకడి చెయ్యి మోస్తుంది. ఆ చెయ్యి సాధారణంగా కూలివాడిదే.

కోల్‌ది అన్యాయమైన కోపమా? నా మటుకు నేను అలా అనను. అతని స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో ఒట్టేసి చెప్పలేను. మార్టిన్ కత్తి దూయకుండా వచ్చుంటే, చర్చి దగ్గర కాకుండా దారిలో ఆపుంటే, ఆ రోజు ఎవరూ చచ్చేవాళ్లు కాదేమో. అధికారం చేతిలో ఉన్నవాడికి నిగ్రహం ఇంకా ఎక్కువ ఉండాలని నేను సూపర్‌వైజర్‌గా కూడా అంటాను. నా కింద 30 మంది ఉంటారు. నేను గొంతు పెంచితే అది మాట కాదు, వాళ్ల ఉద్యోగం.

లఫ్ మాస్క్‌కీ డెరీబెగ్‌కీ మధ్య తేడా ఏంటి? రెండు చోట్లా కోపం ఒకటే, విశ్వాసం ఒకటే, ముందు ఫాదరే. నాకు కనపడిన తేడా ఒక్కటి. ఓమాలీ సైన్యం రాకముందే తలుపులు వేయించాడు. డెరీబెగ్‌లో మాస్‌కి వచ్చినవాళ్లకి ఆ రోజు పోలీసులు వస్తే ఏం చెయ్యాలన్నది ముందు అనుకున్న దాఖలా లేదు. ఎదురుగా కత్తి మెరిసినప్పుడు ఆలోచించే టైం ఎక్కడుంటుంది?

బైబిల్లో మోషే సంగతి చూడండి, నిర్గమకాండం రెండో అధ్యాయం. పని చేయించే ఐగుప్తువాడు హెబ్రీ కూలిని కొడుతున్నాడు. ఇటుకల పని, మన పనే. మోషేకి కోపం వచ్చింది. అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు, చంపి ఇసుకలో పూడ్చాడు. మరుసటి రోజుకే సంగతి బయటపడింది. అతను కాపాడదామనుకున్న మనుషులే నువ్వెవరివి మాకు అని అడిగారు. పారిపోయాడు. మళ్లీ ఆ కూలీల కోసం ఫరో ముందు నిలబడటానికి 40 ఏళ్లు పట్టింది. అపొస్తలుల కార్యాల్లో ఆ లెక్క ఉంది. దేవుడు కూడా ఆ కూలీల మొర విన్నానని, వాళ్ల బాధ చూశానని చెప్తాడు. అంటే కోపం కారణం తప్పు కాదు. ఇసుకలో పూడ్చింది తప్పు.

యేసుప్రభువు సంగతి కూడా. మార్కు మూడో అధ్యాయంలో ఆయన కోపంతో చూశాడని స్పష్టంగా ఉంది. చెయ్యి ఎండిపోయిన మనిషిని విశ్రాంతి దినాన బాగుచేస్తే కేసు పెడదామని కాచుక్కూర్చున్నవాళ్ల మీద ఆ కోపం. తర్వాత ఏం చేశాడు? ఆ మనిషి చెయ్యి బాగుచేశాడు. కోపం ఒకవైపు చూసింది, పని ఇంకోవైపు జరిగింది. దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోశాడు కదా అని మీరంటారు. మార్కు పదకొండో అధ్యాయం నెమ్మదిగా చదవండి. ముందు రోజు సాయంత్రమే వచ్చి అంతా చుట్టూ చూశాడు. పొద్దుపోయిందని బేతనియకి వెళ్లిపోయాడు. బల్లలు పడింది మర్నాడు. మనుషుల ప్రాణం ఎవరిదీ పోలేదు.

మన తెలుగు బైబిల్లో గలతీ పత్రికలో ఆత్మ ఫలాల చివర వచ్చే మాట ఆశానిగ్రహము. చాలామంది దాన్ని తిండికీ తాగుడికీ సంబంధించింది అనుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వినగానే గల్ఫ్‌లో ఒక క్యాంపు గుర్తొస్తుంది. దేశం పేరూ కంపెనీ పేరూ వద్దు. 60 మందిమి, అయిదు నెలలు జీతం లేదు. మేమంతా లేబర్ ఆఫీసులో కంప్లయింట్ పెట్టాం, తేదీ ఇచ్చారు. తేదీకి నాలుగు రోజుల ముందు క్యాంపు బాసు మనవైపు మేస్త్రీ ఒకాయన్ని తల్లి పేరు పెట్టి తిట్టాడు. ఈయన చేతిలో మట్టం కర్ర ఉంది. ఒక్క దెబ్బ, బాసు నెత్తి పగిలింది. ఆ సాయంత్రం నుంచి మా అందరి జీతం కేసు కాస్తా ఆయన ఒక్కడి కొట్లాట కేసు అయిపోయింది. మా తేదీ వెనక్కి పోయింది. మాకు చివరికి కొంత డబ్బు వచ్చింది. ఆయనకి జైలు, తర్వాత ఖాళీ చేతులతో విమానం. తిట్టినవాడు అదే క్యాంపులో ఉన్నాడు. ఆ మేస్త్రీని ఆ నాలుగు రోజులూ ఒంటరిగా వదలకుండా పక్కన ఇద్దరు ఉండాల్సింది అని తర్వాత అందరం అనుకున్నాం. కోపిష్టి ఎవరో మన రూంలో మనకి తెలుసు కదా.

అందుకే నిగ్రహం అంటే ఒక మనిషి గుండెలో జరిగే పని అని నేను నమ్మను. ఓమాలీ లాగా ముందుగా, అందరితో కలిసి చేసుకునే ఏర్పాటు అది. ఎవరు మాట్లాడాలి, ఎవరు వెనక ఉండాలి, తిడితే ఎవరు ఎవర్ని పట్టుకోవాలి. పని గంటలు రోజూ రాసుకోవాలి, ఫోటోలు తీసి ఇంటికి పంపుకోవాలి. ఐర్లండ్‌లో ఉన్నవాళ్లకి ఒక్క విషయం: జీతం గొడవ అయితే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి కంప్లయింట్ 6 నెలల్లోపు పెట్టాలి. సరైన కారణం చూపిస్తే 12 నెలల దాకా ఒప్పుకుంటారు, కానీ దాని మీద ఆశపెట్టుకోవద్దు. ఓర్చుకో ఓర్చుకో అని ఆ 6 నెలలూ దాటించినవాళ్లని నేను చూశాను. దాన్ని ఓర్పు అని పిలిచి ప్రార్థనలో పెట్టొద్దు.

1903లో వచ్చిన వింధమ్ చట్టంతో ఐర్లండ్‌లో కౌలుదార్లు దీర్ఘకాలం వాయిదాల మీద భూమి కొనుక్కునే దారి పెద్దగా తెరుచుకుంది. అడేర్ అప్పటికి లేడు, 1885లోనే అమెరికాలో చనిపోయాడు. టెక్సాస్‌లో అతనికి చార్లెస్ గుడ్‌నైట్‌తో కలిసి పెద్ద పశువుల రాంచి కూడా ఉండేది. డెరీవే నుంచి సిడ్నీ పోయినవాళ్ల పిల్లల పిల్లలు కొందరు ఇప్పటికీ తమ ఊరి గోడలు వెతుక్కుంటూ ఇటు వస్తుంటారు.

వచ్చే వారం లెటర్‌కెన్నీ మార్కెట్ స్క్వేర్‌లో ఉన్న పిల్లల విగ్రహాల గురించి. మే నెలలో, నవంబర్‌లో అక్కడ కూలీల సంత జరిగేది, పదేళ్ల పిల్లల్ని ఆరు నెలలకి కుదుర్చుకుపోయేవాళ్లు. ఆ సంతలో బేరం ఎలా నడిచేదో చెప్తాను. మీ ఊళ్లో పాలేరుతనం చేసిన తాతలెవరైనా ఉంటే వాళ్ల మాటలు వాయిస్ పెట్టండి, పేరు చెప్పకుండా వినిపిస్తాను.